‘నార్మల్’ అంటే ఎంత? – పాత స్పోర్ట్స్ కార్ల వేడిమి కథ

పాతకాలపు ఆంగ్లేయ స్పోర్ట్స్ కార్లు చాలావాటిలో, స్టీరింగు వెనుక కనిపించే గేజీలలో ఒకదాని మీద అంకెలకు బదులు మూడు ఆంగ్లాక్షరాలు ఉంటాయి: సి, ఎన్, హెచ్. చల్లన, మామూలు, వేడి అని వాటి తాత్పర్యం. ఇంజను చుట్టూ తిరిగే నీటి వేడిమిని తెలిపే గేజీ అది. అంతకు కొన్నేళ్ళ ముందు తయారైన కార్లలో ఆ స్థానంలో ఫారెన్‌హీటు అంకెలుండేవి. నీరు మరిగే 212 ఎక్కడుందో కంటికి కనబడేది. క్రమంగా అంకెలు పోయి అక్షరాలు వచ్చాయి. ‘ఎన్’ అంటే నార్మల్. ఆ నార్మల్ ఎన్ని డిగ్రీలు? గేజీ చెప్పదు. ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలియక, ముల్లు కాస్త కుడివైపుకు జరగగానే బెంబేలెత్తి, ఇంజనుకు లేని రోగానికి మందు వేసి, ఉన్న రోగాన్ని ముదరబెట్టుకున్న యజమానులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. ఆ అక్షరం వెనుక ఉన్న చరిత్రను ఈ టపాలో కొంత విప్పి చూద్దామని నా ప్రయత్నం.

ముందుగా మాటల సంగతి. నీటికి వేడి తగిలినప్పటి అవస్థలకు మన భాషలో వేరువేరు క్రియలున్నాయి. నీరు వెచ్చబడుతుంది, కాగుతుంది, మరుగుతుంది, చివరకు ఆవిరైపోతుంది. స్నానానికి కాగిన నీళ్ళు కావాలి గాని మరుగుతున్న నీళ్ళు పనికిరావు. మోటారు ఇంజను కోరేదీ కాగిన నీటినే. ఆంగ్లంలోని ‘హాట్’ అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపేసింది. మన డ్రైవర్లు ‘బండి హీటెక్కింది’ అన్నా అంతే. ‘నార్మల్’ అన్న మాటకు వైద్యశాస్త్రంలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. 1868లో లైప్‌జిగ్ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ వేలాదిమంది చంకలలో ఉష్ణమాపకాలు పెట్టి 37 సెల్సియస్ డిగ్రీలను ఆరోగ్యవంతుని వేడిమిగా తేల్చాడు. అది సగటు. లోకం మాత్రం దానిని చెరగని గీతగా పట్టుకున్నది.

కారు పుట్టిన కొత్తలో ‘నార్మల్’ ఎంతో నిర్ణయించవలసిన పని మనుషులకు లేకపోయింది, ప్రకృతే నిర్ణయించింది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలో ఈనాడు మనమెరిగిన రేడియేటరే లేదు. సిలిండరు చుట్టూ నీరు, దానికొక తొట్టి. నీరు మరిగి, ఆవిరై పోతూ వేడిని మోసుకుపోయేది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ చాలు. మరుగుతున్న అదే కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 540 కావాలి. కనుక ఆవిరయ్యే నీటిని మించిన చలువ లేదు. పైగా తొట్టిలో నీరున్నంతసేపూ వేడిమి 100 డిగ్రీలు దాటదు. లోపమల్లా నీరు అయిపోవడమే. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకుండా మాన్‌హైమ్ నుండి ఫోర్‌ట్సైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ఇటువంటి బండిలోనే ప్రయాణం చేసింది. వీస్‌లోఖ్ ఊరి మందుల దుకాణంలో ఇంధనం కొన్నదన్న కథ అందరూ చెబుతారు. నీళ్ళ కథ చెప్పేవారు తక్కువ. వాగు కనబడితే వాగు, బావి కనబడితే బావి. మాటిమాటికీ ఆగి తొట్టి నింపుకుంటూ ఆ ఇల్లాలు పుట్టిల్లు చేరింది.

ముప్పావు గుర్రపు శక్తి గల బండికి అది చెల్లింది. శక్తి పెరిగితే చెల్లదు. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో పనికి వచ్చేది నాలుగో వంతుకు అటూ ఇటూ. మిగిలినది పొగగొట్టం ద్వారానో నీటి ద్వారానో వేడిగా బయటికి పోవలసిందే. కాబట్టి వేగం కోరినవాడు ముందు వేడిని వదిలించుకొనే దారి వెతకాలి. ఆ దారి చూపినవాడు విల్‌హెల్మ్ మైబాఖ్. నీస్ నగరంలో ఉండిన ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి పట్టుబట్టి చేయించిన 35 గుర్రాల మెర్సిడెస్, 1901 మార్చిలో ఆ నగరపు పోటీలలో దిగి అందరినీ వెనుకకు నెట్టింది. దాని ముఖాన ఉన్నది తేనెపట్టు రేడియేటరు. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల చదరపు నోరు గల గొట్టాలు, మొత్తం 8,070. గాలి ఆ గొట్టాలలో నుంచి దూసుకుపోతుంది. నీరు వాటి నడుమ ఇరుకు సందులలో ప్రాకుతూ చల్లబడుతుంది. వెనుక ఒక పంకా. అంతకు మునుపు 18 లీటర్ల నీరు కావలసిన చోట దీనికి 9 లీటర్లు సరిపోయాయి. నా మటుకు నాకు ఆ బండి గొప్పతనం దాని 35 గుర్రాలలో కన్న ఈ 8,070 గొట్టాలలోనే ఉన్నదనిపిస్తుంది.

కొంతకాలం పంపు కూడా లేకుండా నీటిని తిప్పారు. వేడినీరు తేలిక గనుక పైకి లేస్తుంది, చన్నీరు బరువు గనుక కిందికి దిగుతుంది. ఆ వరుసలోనే ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ప్రవాహం సాగుతుంది. ఫోర్డు మోడల్ టి తొలి 2,500 బండ్లకు పంపు పెట్టి ఆ తరువాత తీసేశారు. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్‌దీ ఇదే పద్ధతి. వేడిమిని కంటితో చూడాలన్న కోరిక 1910 దశకంలో బలపడింది. ‘బాయిస్ మోటోమీటరు’ అని రేడియేటరు మూత మీద బిగించే ఉష్ణమాపకం ఒకటి వచ్చింది. డ్రైవరు ముందు అద్దంలో నుంచి దాని ఎర్రని గీత ఎంత ఎత్తుకు లేచిందో చూసుకొనేవాడు. అయితే అది తెలిపేది నీటి మీది ఆవిరి వేడిమినే గాని నీటి వేడిమిని కాదు.

అప్పటి దాకా అందరి భయమూ వేడిని గురించే. చల్లదనమూ ఇంజనుకు శత్రువే అన్న ఎరుక ఆలస్యంగా కలిగింది, కలిగాక కూడా జనంలోకి పూర్తిగా రాలేదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, దానితో కొన్ని ఆమ్లాలు పుడతాయి. సిలిండరు గోడ చల్లగా ఉంటే, చలికాలపు తెల్లవారుజామున కిటికీ అద్దానికి మంచు పట్టినట్లు, ఆ ఆవిరి గోడకు పడుతుంది. ఆమ్లం ఇనుమును తింటుంది. 1930 దశకంలో బ్రిటన్‌లోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ జరిపించిన పరిశోధనలలో సిలిండర్ల అరుగుదలకు ఈ తుప్పు ముఖ్యకారణమని తేలింది. ఇంజను చల్లగా నడిచినకొద్దీ అరుగుదల పెరుగుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపేసే కారు, వరుసగా రెండు వందల కిలోమీటర్లు పరుగెత్తే కారు కన్న త్వరగా ముసలిదవుతుంది.

ఇక్కడే థర్మోస్టాటు ప్రాముఖ్యం. నీరు తగినంత కాగే వరకు దానిని రేడియేటరుకు పోనీయకుండా ఆపే కవాటం అది. 1914లో వెలువడిన క్యాడిలాక్ వి-8 ఇంజనులోనే అటువంటి ఏర్పాటున్నది. మొదట్లో దీని గుండె ఒక లోహపు తిత్తి. లోపల త్వరగా ఆవిరయ్యే ద్రవం. అది వ్యాకోచించి తిత్తిని సాగదీస్తే కవాటం తెరచుకుంటుంది. 1930 దశకంలో సెర్జియస్ వెర్నే తిత్తికి బదులు మైనం వాడాడు. కరిగేటప్పుడు మైనం బలంగా ఉబ్బుతుంది. బయటి నీటి ఒత్తిడి తిత్తిని నొక్కి దాని లెక్క తప్పించగలదు, మైనాన్ని తప్పించలేదు. తరువాతి కాలంలో రేడియేటర్లకు ఒత్తిడి మూతలు రావడంతో మైనమే నిలిచింది.

ఆ మూత సంగతి మన వంటింటివారికి వేరే చెప్పనక్కరలేదు. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి పెరిగితే నీరు మరిగే స్థానం సుమారు ఒకటిన్నర సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది. 7 పౌన్ల మూత పెడితే నీరు 112 డిగ్రీల దాకా మరగదు. 15 పౌన్లయితే, అంటే ఇంచుమించు కుక్కరు ఒత్తిడికి, 121 దాకా మరగదు. కనుక మూతలేని పాత బండిలో 98 డిగ్రీలంటే ప్రమాదపు అంచు. 10 పౌన్ల మూత గల బండిలో అదే 98 ఎండలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు సహజం. గేజీ మీది అంకె ఒక్కటే, దాని అర్థాలు రెండు. వేడి మీద ఉన్న మూతను చటుక్కున తిప్పితే ఒత్తిడి పోయి నీరంతా ఒక్కసారి మరిగి ముఖం మీదికి ఎగజిమ్మడానికి కారణమూ ఇదే.

ఇక రెండవ ప్రపంచయుద్ధం తరువాతి స్పోర్ట్స్ కార్లకు వస్తాను. వాటిలో మనవారికి దగ్గరి చుట్టం ఒకటున్నది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. కారు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి-సిరీస్’ కుటుంబానిది, 1,489 సి.సి. అదే కుటుంబపు 1,489 సి.సి. ఇంజనే కొన్నేళ్ళకు మన అంబాసిడర్‌లోకి వచ్చింది. ఎం.జి.ఎ.కు రెండు కార్బురేటర్లు, పందెపు గుర్రం పొగరు. అంబాసిడర్‌కు ఒకటే కార్బురేటరు, బండెడు చుట్టాలు, పైన సామాను. 2014లో ఉత్పత్తి ఆగే దాకా ఘాట్ రోడ్ల మలుపులలో బానెట్ ఎత్తి, రేడియేటరు మీద తడిగోనె కప్పుకొని నిలిచిన అంబాసిడర్‌ను చూడని తెలుగువాడు అరుదు.

ఈ ఇంజనుకే కాస్త పెద్ద రూపం 1962 నాటి ఎం.జి.బి.లోని 1,798 సి.సి. ఇంజను. దానికి కంపెనీవారు మూడు రకాల థర్మోస్టాట్లు నిర్దేశించారు: వేడి దేశాలకు 74 డిగ్రీలది, సామాన్య వాతావరణానికి 82, శీతల దేశాలకు 88. ‘నార్మల్’ ఒక్కటి కాదని తయారుచేసినవారే ఒప్పుకున్న పత్రంగా దీనిని నేను చదువుకుంటాను. తరచుగా పొరబడే సంగతి మరొకటి ఇక్కడే ఉన్నది. థర్మోస్టాటు నిర్ణయించేది కింది హద్దును మాత్రమే. ఆ వేడిమికి దిగువన ఇంజనును నడవనీయదు. పై హద్దును నిర్ణయించేది రేడియేటరు, పంకా, గాలి. రేడియేటరు సగం పూడిపోయిన బండిలో 82 తీసి 74 పెడితే ముల్లు పైకి చేరడానికి మరికొన్ని నిమిషాలు పడుతుంది, అంతే. చేరడం మానదు.

మన మెకానిక్కులలో చాలామంది ఇంకో అడుగు ముందుకు వేసి థర్మోస్టాటునే పీకి పారేసేవారు. ‘మన ఎండలకు ఇదెందుకు సార్’ అన్న మాట నేను పలుచోట్ల విన్నాను. చెప్పినంత సబబుగా లేదు ఆ పని. ఎండాకాలపు మధ్యాహ్నమైనా బయటి గాలి 45 డిగ్రీలే. ఇంజనుకు కావలసింది 80 పైన. అడ్డు లేని నీరు తొలి నిమిషం నుంచే రేడియేటరు చుట్టూ తిరుగుతుంటే ఇంజను కాగడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ సిలిండరు గోడలను ఆమ్లం తింటూనే ఉంటుంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఇంజన్లను పందాలకు సిద్ధం చేసినవారు థర్మోస్టాటు తీస్తే దాని స్థానంలో ఒక గొట్టపు కంకణం బిగించేవారు. నీరు తప్పుదారి పట్టకుండా, తగిన నిరోధం ఉండేటట్లు చేసే ఉపాయమది. మనవాళ్ళు తీయడం నేర్చుకున్నారు, పెట్టడం నేర్చుకోలేదు.

అందం చలువకు అడ్డం వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1961లో జెనీవాలో తొలిసారి ప్రదర్శించిన జాగ్వార్ ఇ-టైపు రూపాన్ని విమానశాస్త్రం తెలిసిన మాల్కం సేయర్ గీశాడు. గాలిని చీల్చుకుపోయే పొడవాటి ముక్కు, దానికి చిన్న నోరు. వేగంగా పోతున్నంతసేపు ఆ నోటి గుండా చాలినంత గాలి వెళుతుంది. నగరపు రద్దీలో నిలబడితే ఆధారం ఒక్క విద్యుత్ పంకాయే. తొలి బండ్లలో కరెంటు పుట్టించే డైనమో ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు నీరసిస్తుంది. అంటే పంకా ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే దానికి బలం తక్కువ. 1968లో వచ్చిన రెండవ శ్రేణిలో నోటిని 68 శాతం వెడల్పు చేశారు, రెండు పంకాలు పెట్టారు. ముక్కు అందం చెడిందని వాపోయేవారు నేటికీ ఉన్నారు. 1964 నాటి సన్‌బీమ్ టైగర్ కథ ఇంకా సూటిగా ఉంటుంది: చిన్న ఇంజను కోసం కట్టిన శరీరంలో 4.2 లీటర్ల ఫోర్డు వి-8ను దూర్చారు, వేడి పోయే చోటు మిగలలేదు. ఆస్టిన్-హీలీ పెద్దకార్లలో ఆ వేడి డ్రైవరు పాదాలకు చేరేది.

వీటన్నిటి కన్న బాధాకరమైనది ట్రయంఫ్ స్టాగ్. 1970లో వచ్చింది. 3 లీటర్ల సొంత వి-8, నలుగురు కూర్చోగల టాపులేని కారు, చూడముచ్చటైన రూపం. ఏడేళ్ళలో 25,877 బండ్లు చేసి ఆపేశారు. దాని నీటిపంపును ఇంజను రెండు వరుసల నడుమ, బాగా ఎత్తున అమర్చారు. నీటి మట్టం కొంత తగ్గితే చాలు, ముందుగా ఎండిపోయేది పంపే. రెక్కలు గాలిలో తిరుగుతాయి, నీరు కదలదు. అడుగున ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం తలలు. వేడికి రెండూ ఒక్క తీరుగా వ్యాకోచించవు. తల వంకరపోతుంది, గాస్కెట్టు పోతుంది, మిగిలిన నీరూ పోతుంది. అచ్చుపోసినప్పటి ఇసుక లోపలి దారులలో మిగిలిపోయి రేడియేటరును పూడ్చిందన్న ఫిర్యాదూ బలంగా వినబడింది. విసిగిపోయి ఆ ఇంజను తీసేసి రోవర్ వి-8 పెట్టించుకున్నవారు ఎందరో. తక్కినవారు ఓపికతో దారులు కడిగించి, మంచి రేడియేటరు వేయించి, మట్టం తగ్గకుండా కనిపెట్టుకుంటూ నేటికీ హాయిగా నడుపుకుంటున్నారు. బండి మొత్తం చెడ్డదని ముద్ర వేసినవారు ఒక పంపు ఉండే ఎత్తును చూడలేదు.

ఇక్కడ గేజీ కూడా మోసం చేయగలదు. నీటి వేడిమిని పసిగట్టే బుడ్డి నీటిలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. మట్టం తగ్గి బుడ్డి గాలిలో తేలితే, ఇంజను మాడిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. ఎక్కుతున్న ముల్లు కన్న, ఎక్కి హఠాత్తుగా పడిపోయిన ముల్లును చూసి ఎక్కువ భయపడాలి.

నీటితో నిమిత్తమే లేని దారి పోర్షేది. 1963లో చూపిన 911కు ఆరు సిలిండర్లు, వాటిమీద గాలి విసిరే పెద్ద పంకా, సాధారణ కార్లకు రెట్టింపుగా సుమారు 9 లీటర్ల నూనె. అక్కడ నీటి గేజీ ఉండదు; నూనె వేడిమే కొలత. నూనె 80 దాటేవరకు ఇంజనును తొందరపెట్టకూడదని, 100 అటూ ఇటూ తిరిగినా కంగారు పడనక్కరలేదని ఆ బండ్లవారు చెబుతారు. నూనెలో చేరిన తేమ పోవాలంటే ఆ మాత్రం కాగాలి మరి. 1998లో గాలి చలువ 911ల తయారీ ఆగిపోయింది.

తిరిగి మన మూడక్షరాల దగ్గరికి. పాత గేజీ యంత్రం సరళమైనది. బుడ్డిలో ఈథరు, దాని నుంచి వెంట్రుక వంటి సన్నని రాగి గొట్టం, గేజీలో చుట్టిన బూర్డాన్ గొట్టం. ఈథరు ఆవిరి ఒత్తిడికి చుట్ట కొంచెం విచ్చుకొని ముల్లును తిప్పుతుంది. తరువాత విద్యుత్ గేజీలు వచ్చాయి. వాటికి సగటున 10 వోల్టులు అందించే చిన్న స్థిరీకరణ పెట్టె ఒకటి ఉంటుంది. అది చెడితే వేడిమి గేజీతోపాటు పెట్రోలు గేజీ కూడా ఎక్కువ చూపుతుంది. ఇంజను వేడెక్కిందని గాభరాపడే ముందు ట్యాంకు నిండిందేమో చూడండి. నింపకుండానే నిండితే రోగం ఇంజనులో లేదు.

ఇప్పటి కార్లవారు అలవాటు పడిన ముల్లు వేరు. చాలా కొత్తకార్లలో 80 నుంచి 105 డిగ్రీల దాకా నీరు ఎటు తిరిగినా ముల్లు నడిమధ్య కదలకుండా ఉండేటట్లు కావాలనే అమర్చారు. ఆ కార్ల నుంచి దిగి పాత ఎం.జి.బి. ఎక్కినవాడు, ఎత్తు ఎక్కితే పైకి, దిగితే కిందికి, రద్దీలో ఆగితే మళ్ళీ పైకి కదిలే ముల్లును చూసి జబ్బనుకుంటాడు. పాత ముల్లు ఉన్నదున్నట్లు చెబుతున్నది.

తన బండి ‘ఎన్’ ఎన్ని డిగ్రీలో తెలుసుకోదలచినవారికి పని పెద్దది కాదు. ఈథరు గేజీ బుడ్డిని విప్పి, గొట్టం నలగకుండా జాగ్రత్తపడి, పొయ్యి మీది గిన్నెనీళ్ళలో ఒక ఉష్ణమాపకంతోపాటు ముంచి, ముల్లు ఎప్పుడెక్కడ ఉన్నదో గుర్తు పెట్టుకోవాలి. థర్మోస్టాటును దారంతో అదే గిన్నెలో వేలాడదీస్తే అది 82 దగ్గర నోరు తెరుస్తున్నదో లేదో కూడా తెలుస్తుంది. నీళ్ళు మరిగినప్పుడు ముల్లు ఉన్న చోటు 100. ఊటీలో ఉండేవారు మాత్రం ఆ చోటును 93 అని రాసుకోవాలి.